మూడా, ఏడా, పద్నాలుగా

మ్యూరియెల్ కార్ట్‌లిడ్జ్ నలభై నాలుగేళ్లపాటు పింగాణీ కప్పుల అంచులకు బంగారు గీత గీసి, తొంభై ఎనిమిది ఏప్రిల్లో ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. వెళ్లిపోయేవాళ్లకి గోడ గడియారమో, ఉన్ని దుప్పటో ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఈసారి మాత్రం తోటి ఆడవాళ్లంతా కూడబలుక్కుని, పౌలీన్ బాగ్నల్ ట్రావెల్స్‌లో డబ్బుకి బదులు చెల్లే ఒక కాగితాన్ని కవర్లో పెట్టి చేతికిచ్చారు.

"ఓడెక్కు మ్యూరియెల్. ఒక్కసారన్నా నీ కోసం నువ్వు ఎక్కడికైనా పో. పోకపోతే మేమే వచ్చి నిన్ను పెట్టెలో సర్ది పంపిస్తాం" అన్నారు.

ఆమె నవ్వి కవరు సంచిలో వేసుకుంది. మూడు వారాలు అది అలమరలో పంచదార డబ్బా వెనకాలే ఉండిపోయింది. నాలుగో వారం వానపడుతున్న ఒక మంగళవారం, ఇక తప్పదన్నట్టు ట్రావెల్స్ కొట్టు గంట మోగిస్తూ లోపలికి వెళ్లింది.

పౌలీన్ బడిలో ఆమెకంటే రెండు తరగతులు కింద చదివిన మనిషి. పుట్టుకతోనే మాటకారి. మ్యూరియెల్ కుర్చీలో కూచునేలోపే బల్ల మీద మూడు పుస్తకాలు పరిచేసింది.

"చూడు తల్లీ, మూడు రాత్రులది ఉంది, ఏడు రాత్రులది ఉంది, పద్నాలుగు రాత్రులది ఉంది."

"ఒక్క రాత్రిది లేదా?"

"ఒక్క రాత్రికి ఓడెందుకే? పార్కు చెరువులో పడవ తొక్కుకో, సాయంత్రానికల్లా ఇంటికొస్తావు."

"మరి మూడు రాత్రులదే చెప్పు."

"అది వద్దు" అంది పౌలీన్, ఆ పుస్తకాన్ని మోచేత్తో పక్కకు నెట్టేస్తూ. "బెల్జియం దాకా పోయి వెనక్కి తిరగడమే. ఓడ నిండా పెళ్లికి ముందు తాగి తూలే కుర్రకారు. పైగా మొదటిరోజు నీ గదేదో వెతుక్కోవడంతో సరి. రెండోరోజు కడుపులో తిప్పుడు. మూడోరోజు మళ్లీ పెట్టె సర్దుడు. ఓడెక్కానని చెప్పుకోడానికి తప్ప దేనికీ కొరగాదు. పోనీ పద్నాలుగంటావా, కానరీ దీవులు, మండే ఎండలు. నచ్చితే స్వర్గమే. నచ్చకపోతే మాత్రం నడిసముద్రంలో బస్సాపినట్టు ఆపమంటే ఆపరు. కొత్తవాళ్లకి ఏడే సరి. మూడు రోజులు అలవాటు పడ్డానికి, మూడు రోజులు అనుభవించడానికి, చివరిరోజు ఇంటి మీద బెంగ పెట్టుకోడానికి. నార్వే, జూన్ ఆరో తేదీ శనివారం ఎక్కి పదమూడో తేదీ శనివారం దిగుతావు."

మ్యూరియెల్ పుస్తకంలో బొమ్మ చూస్తూ ఉండిపోయింది. నిటారుగా లేచిన కొండల మధ్య తెల్లటి ఓడ. అంత పెద్ద ఓడా అక్కడ బొమ్మరిల్లులా ఉంది. ఆమె మాత్రం కొండల్నీ చూడలేదు, ఓడనీ చూడలేదు. ఏడు రాత్రులంటే నార్మన్‌కి ఎన్ని స్నానాలు, ఎన్నిసార్లు గడ్డం గీయడం, ఎన్నిసార్లు బూటు లేసులు కట్టడం అని లెక్కేసుకుంటోంది.

"నార్మన్ గురించేనా?" అంది పౌలీన్, గొంతు తగ్గించి.

"మరింకెవరి గురించి?"

నార్మన్ ఆమె తమ్ముడు. వయసు యాభై ఐదు. మనిషి ఎత్తుగా, బలంగా ఉంటాడు, జుట్టు నెరిసింది. మనసు మాత్రం ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల దగ్గర ఆగిపోయింది. పుట్టినప్పుడే డాక్టర్లు చెప్పారు, వీడు ఎప్పటికీ ఇలాగే ఉంటాడని. తల్లి పోయి ఇరవై రెండేళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో ఇద్దరే. పగలు అతనిలాంటివాళ్లని చూసుకునే కేంద్రం వాళ్ల వ్యాను వచ్చి తీసుకెళ్లి నాలుగున్నరకి దింపేది. ఆమె ఫ్యాక్టరీ నుంచి నాలుగుంబావుకల్లా పరుగెత్తుకొచ్చేది. ఈ ఇరవై రెండేళ్లలో వాళ్లిద్దరూ వేరువేరు ఇళ్లలో పడుకున్న రాత్రి ఒక్కటీ లేదు.

దానికో కారణం ఉంది. ఏడేళ్లప్పుడు నార్మన్‌ని జ్వరంతో వారం రోజులు ఆసుపత్రిలో పెట్టారు. ఆ రోజుల్లో ఇంటివాళ్లని చూడనిచ్చేవాళ్లు కారు. తిరిగొచ్చిన పిల్లాడు నెలరోజులు నోరు విప్పలేదు. మెట్లకింద మూల కూచుని గోడ గోకేవాడు. పదమూడేళ్ల మ్యూరియెల్ రోజూ బడినుంచి వచ్చి ఆ మెట్లకిందే అతని పక్కన కూచునేది. నెల తర్వాత ఒకరోజు "మ్యూ" అన్నాడు. పూర్తి పేరు పలకడం అతనికి ఎప్పుడూ రాలేదు. ఆ మాట విని తల్లి వంటింట్లో ఏప్రాన్‌లో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి మ్యూరియెల్ మనసులో ఒకటి గడ్డకట్టుకుపోయింది: వీణ్ణి వదిలితే వీడు మళ్లీ మాట పోగొట్టుకుంటాడు.

"ఊరి పైన ఎర్ర ఇటుకల ఇల్లుంది కదా, అక్కడ ఇలాంటివాళ్లని కొన్నాళ్లు ఉంచుకుంటారట. ఇంటివాళ్లకి కాస్త ఊపిరాడ్డానికని కౌన్సిల్ వాళ్లు ఏడాదికి పద్నాలుగు రాత్రులిస్తారు. నువ్వు ఒక్కటీ వాడుకోలేదని మా ఆడపడుచు చెప్పింది" అంది పౌలీన్.

"ఒకసారి ప్రయత్నించాంలే."

ప్రయత్నం అంటే ఇదీ: రెండేళ్ల కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం నార్మన్‌ని ఆ ఇంట్లో దింపి, ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఆ టీ తాగకుండానే కోటేసుకుని మళ్లీ వెళ్లి తీసుకొచ్చేసింది. సాయంత్రం ఐదు కూడా కాలేదు. ఆ ఇంటి పెద్ద ఫ్రీడా మౌంట్‌ఫర్డ్ గుమ్మంలో నిలబడి, "పెట్టె ఇంకా విప్పనేలేదమ్మా" అంది.

ఆ వానరోజు మ్యూరియెల్ ఏడు రాత్రుల కాగితం మీద సంతకం పెట్టింది. పౌలీన్ నోటికి ఎదురు చెప్పలేక పెట్టిందనే అనుకోవాలి. మర్నాడు పొద్దున కొట్టు తలుపు తీయకముందే వచ్చి బయట నిలబడింది.

"మూడు రాత్రులదానికి మార్చు పౌలీన్."

పౌలీన్ తిట్టుకుంటూనే ఫోను చేసింది. అటువైపు చెప్పింది విని రిసీవరు పెట్టేసింది.

"నిండిపోయింది. తాగుబోతులకి కూడా ముందుచూపు ఉంటుంది తల్లీ, నీకే లేదు. ఏడే. ఇక పో, ఇంకోసారి వస్తే లోపల గడియ పెట్టుకుంటాను."

ఏడు రాత్రులంటే నార్మన్‌కి ఎలా చెప్పాలి? అతనికి అంకెలు అయిదు దాటితే అన్నీ ఒకటే. అందుకని వారాల్ని అతనికి తెలిసినవాటితో చెప్పింది. ఓట్స్ పిండి అట్టు పెనం మీద తిప్పుతూ, "శనివారం నేను వెళ్తాను. చెత్త లారీ వస్తుంది. తర్వాత శుక్రవారం చేపలొస్తాయి. చేప తిని పడుకుని లేచేసరికి నేను వచ్చేస్తాను" అంది.

"ఒక్క చేపేనా?"

"ఒక్కటే."

"సరే" అన్నాడు నార్మన్, అట్టులో జున్ను కరిగిందో లేదో వేలితో పొడిచి చూస్తూ.

ఆరో తేదీ పొద్దున ఎర్ర ఇటుకల ఇంటి గుమ్మంలో ఆమె దింపినప్పుడు కూడా నార్మన్ ఏడవలేదు. కోటు గుండీలన్నీ పెట్టుకుని, హాల్లో కుర్చీ మీద బుద్ధిగా కూచుని, "పో మ్యూ, నీ ఓడ వెళ్లిపోద్ది" అన్నాడు. ఏడ్చింది ఆమే. సౌతాంప్టన్ వెళ్లే బస్సులో బర్మింగ్‌హామ్ దాటేవరకూ ఏడ్చింది. పక్క సీట్లో ఆవిడ పిప్పరమెంటు బిళ్లల పొట్లం తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

*

ఓడ గదిలో కిటికీ లేదు. మంచాలు రెండు. ఒకదానిమీదే దుప్పటి పరిచి, తలగడ మీద చాక్లెట్టు పెట్టారు. రెండోది బోడిగా ఉంది. మ్యూరియెల్ ఆ బోడి మంచం మీద తన పెట్టె పెట్టి, బట్టలు తీసి వేలాడదీసి, మళ్లీ మడిచి పెట్టెలోనే పెట్టేసింది. ఎప్పుడు వెళ్లిపోవాల్సొస్తుందో ఎవరికి తెలుసు.

మొదటి రాత్రి ఆమె నాలుగుసార్లు లేచి కూచుంది. ఇంట్లో పక్కగది నుంచి నార్మన్ గురక వినిపించేది. అది లేకపోతే నిద్ర తెగిపోతుందని ఇన్నేళ్లూ ఆమెకే తెలియదు. ఇక్కడ గోడల్లోంచి ఏదో యంత్రం సన్నగా మూలుగుతూ ఉంది. తెల్లవార్లూ దాన్ని వింటూ పడుకుంది.

ఆదివారమంతా నీళ్లే. డెక్ మీద జనం కుర్చీల్లో దుప్పట్లు కప్పుకుని, ఇలాంటి సెలవులు పుట్టినప్పటినుంచీ తెలిసినవాళ్లలా పడుకున్నారు. మ్యూరియెల్ చేతిసంచి రెండు చేతుల్తో పట్టుకుని ఓడ చుట్టూ పదకొండుసార్లు తిరిగింది. ఎదురొచ్చినవాళ్లు "ఎంత బాగుందో కదండీ!" అన్నారు. ఆమె "చాలా బాగుంది" అంది. రాత్రి భోజనం వేళదాకా ఆమె మాట్లాడింది అంతే.

భోజనానికి మాత్రం తప్పించుకోలేకపోయింది. రోజూ అదే బల్ల, అవే మొహాలు. డెవన్ నుంచి వచ్చిన భార్యాభర్తలు ఎదురుగా. ఎడంపక్క ఆంబ్రోస్ థ్వైట్ అనే పెద్దమనిషి. ప్రెస్టన్‌లో బస్సుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు, డెబ్బై ఆరేళ్లు, భార్య పోయి నాలుగేళ్లు. ఇది అతనికి పదకొండో ఓడ.

"మేమిద్దరం ఉన్నప్పుడు పద్నాలుగు రాత్రులకి తక్కువ వెళ్లేవాళ్లం కాదు" అని చెప్పాడు. "ఇప్పుడు ఒక్కణ్ణే కదా, ఏడు చాలు. ఎనిమిదో రోజు దాటితే ఓడలో ఆడవాళ్లు జాలిపడి దత్తత తీసేసుకుంటున్నారు. పోయినేడాది ఒకావిడ నాకు స్వెట్టరు అల్లడం మొదలెట్టింది. దిగేలోపు చేతులు పూర్తికాలేదు కాబట్టి బతికిపోయాను."

డెవన్ ఆవిడ పడీపడీ నవ్వింది. మ్యూరియెల్ కూడా నవ్వాలని చూసింది. అప్పుడే గొర్రె మాంసం వడ్డించారు. ఆవిడేదో అడుగుతోంది, ఇంటి దగ్గర వాతావరణం గురించి. మ్యూరియెల్ జవాబు చెబుతూ చెబుతూ, ఎడంపక్కకి చెయ్యి చాచి, అక్కడున్న పళ్లెంలో మాంసాన్ని ఎనిమిది ముక్కలుగా కోసి, ఎముక తీసి పక్కనపెట్టి, బంగాళాదుంప చిదిపి గ్రేవీలో కలిపింది. ఎదురుగా ఆవిడ ఫోర్కు గాలిలో ఆగిపోయింది. అప్పుడు చూసుకుంది మ్యూరియెల్. అది థ్వైట్ గారి పళ్లెం.

చెవులదాకా వేడెక్కిపోయింది. కాళ్లకింద ఓడ చీలి లోపలికి లాక్కుపోతే బాగుండుననిపించింది.

థ్వైట్ పళ్లెంవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు. "నా పెళ్లినాడు కూడా నాకింత మర్యాద జరగలేదు" అని ఒక్కొక్క ముక్కే తీరిగ్గా తిన్నాడు, ఎనిమిదీ. చిదిపిన బంగాళాదుంపతో సహా. తర్వాత మెల్లగా అడిగాడు: "రోజూ ఎవరికి కోస్తారు?"

ఆమె చెప్పింది. ఆపకుండా చెప్పింది. నార్మన్, మెట్లకింద మూల, ఆసుపత్రి వారం, చేపల శుక్రవారం. పాయసంలాంటి కస్టర్డు వచ్చి చల్లారిపోయింది. డెవన్ వాళ్లు నాట్యం చూడ్డానికి లేచి వెళ్లారు. ఆయన ఎక్కడా "అయ్యో" అనలేదు. బస్సులో ఎవరో పోగొట్టుకున్న సామాను గురించి వింటున్న ఇన్‌స్పెక్టరులా, ఎప్పుడు, ఎక్కడ, ఎన్నేళ్లు అని మాత్రం అడిగాడు.

*

సోమవారం స్టవాంగర్ రేవులో దిగీదిగగానే ఆమె వెతికింది ఫోను బూత్ కోసం. మిగిలినవాళ్లు తెల్లని చెక్క ఇళ్లని ఫోటోలు తీసుకుంటున్నారు. నాణేలు పడిన చప్పుడు, తర్వాత ఫ్రీడా గొంతు.

"బాగున్నాడమ్మా. స్నానం చేస్తున్నాడు, ఇప్పుడు పిలవలేను."

"తింటున్నాడా?"

"తింటున్నాడు. మీరు కొండలు చూడండి."

మంగళవారం ఓల్డెన్ అనే చిన్న పల్లె. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ చివర, నాలుగిళ్లు, ఒక అంగడి, అంగడి గోడకి ఒక ఫోను. ఈసారి నార్మన్ వచ్చాడు.

"మ్యూ! నాకు పనిచ్చారు! చిక్కుళ్లు!"

"ఏం చిక్కుళ్లురా?"

"నీళ్లు నేనే పొయ్యాలి. లియొనార్డ్ పొయ్యకూడదు. లియొనార్డ్ ఎక్కువ పోసేస్తాడు. చిన్న డబ్బాతో పొయ్యాలి. ఇంక పెట్టేస్తున్నా."

పెట్టేశాడు. ఆమె చేతిలో ఇంకా నాలుగు నాణేలున్నాయి. కొండ మీదనుంచి మంచు కరిగి, తెల్లటి దారాల్లా నీళ్లు దూకుతున్నాయి. అంత అందాన్ని తన పక్కన నిలబడి చూడ్డానికి ఎవరూ లేరని ఆమెకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ తట్టకపోవడమే వింత. నార్మన్ ఉంటే "నీళ్లు కారిపోతున్నాయి, కొళాయి కట్టెయ్యమను" అనేవాడు.

బుధవారం ఫోను దొరకలేదు. గురువారం బెర్గెన్. పొద్దున్నుంచీ వాన. చేపల బజారు పక్కన బూత్‌లో నిలబడి చేసింది. ఫ్రీడా పిలవడం వినిపించింది. దూరంగా నవ్వులు, బల్లమీద డొమినో పలకలు టకటకలాడుతున్న చప్పుడు, తర్వాత నార్మన్ గొంతు, ఫోన్లోకి కాదు, గదిలోకి: "రేపు చెయ్యమను!"

"ఆటలో ఉన్నాడమ్మా" అంది ఫ్రీడా, నొచ్చుకుంటూ. "బలవంతంగా తెమ్మంటారా?"

"వద్దు, వద్దు. ఆడుకోనీ."

రేపు సముద్రంలో ఉంటుంది. రేపు ఫోనుండదు. ఆ మాట ఫ్రీడాకి చెప్పలేదు.

బయట రేవు అంచున తడి బెంచీ ఉంటే దానిమీదే కూచుంది. టోపీ తడిసింది, కోటు తడిసింది. కాసేపటికి తలమీద వాన ఆగింది. చూస్తే థ్వైట్ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది? ఆరోగ్యం బాలేదా అతనికి?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు" అంది మ్యూరియెల్. "నేను లేకపోతే ముద్ద దిగదనుకున్నాను. మాట పడిపోతుందనుకున్నాను. ఫోనుకి రావడానికి కూడా తీరిక లేదు దొరగారికి."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"ఎవరిమీద?"

ఆమె ఆలోచించింది. "చిక్కుడు పాదుల మీద" అంది. ఆయన నవ్వాడు, ఆమే నవ్వింది, నవ్వుతూనే ఉండగా మొహం అదుపు తప్పింది. ఆయన రుమాలు ఇచ్చి, అటు తిరిగి చేపల పడవల్ని చూస్తూ నిలబడ్డాడు, ఆమె కళ్లు తుడుచుకునేదాకా. ఇద్దరూ ఓడదాకా ఒక గొడుగుకింద నడిచారు. ఆయన మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు.

శుక్రవారం సముద్రం నున్నగా పరుచుకుంది. పౌలీన్ చెప్పినట్టు అది ఇంటిమీద బెంగ పెట్టుకోవాల్సిన రోజు. మ్యూరియెల్ డెక్ మీద కుర్చీ వేసుకుని, దుప్పటి కప్పుకుని, అందరిలాగే పడుకుంది. బెంగకి వెతికింది. ఇంట్లో ఉన్నదెవరు, బెంగ పడ్డానికి? ఆ మధ్యాహ్నం మాత్రం మూడు గంటలు ఒళ్లెరక్కుండా నిద్రపోయింది.

*

శనివారం సాయంత్రం ఎర్ర ఇటుకల ఇంటికి వెళ్లేసరికి ఫ్రీడా ఆమెని ముందు తన గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"మీకొక మాట చెప్పాలి. మొదటి మూడు రాత్రులూ ఏడ్చాడమ్మా. హాల్లో ఆ కుర్చీ వదల్లేదు, కోటు విప్పలేదు, కోటుతోనే పడుకున్నాడు. సోమవారం స్నానం చేస్తున్నాడని మీతో అబద్ధమాడాను. చెబితే మీరు ఆ దేశం నుంచి ఈదుకుంటూ అయినా వచ్చేసేవారు."

"వచ్చేదాన్నే" అంది మ్యూరియెల్.

"మంగళవారం పొద్దున తనంతట తనే కోటు విప్పి కొక్కేనికి తగిలించి, తోటలో ఏం చేస్తున్నారని అడిగాడు. అంతే. మళ్లీ ఏడవలేదు. నామీద కోపమొస్తే న్యాయమే. తిట్టండి."

మ్యూరియెల్ తిట్టలేదు. మూడు రాత్రుల ఓడలో చోటు దొరికుంటే ఆమె సరిగ్గా ఆ మంగళవారం పొద్దున ఈ గుమ్మంలోకి వచ్చి ఉండేది. కోటుతో, వాచిన కళ్లతో కుర్చీలో కూచున్న తమ్ముణ్ణి కావలించుకుని, ఇంకెప్పుడూ వదలనురా అని ఒట్టేసేది. ఆ ఒట్టు ఇద్దరిలో ఒకరు పోయేదాకా నిలబడేది.

నార్మన్ పెట్టె సర్ది లేదు. "శనివారం ఆటుంది మ్యూ. ఆటయ్యాక పోదాం" అన్నాడు. ఆమె కోటు విప్పకుండా గోడవార కూచుని, గంటన్నరసేపు అతను లియొనార్డ్ అనే బట్టతల మనిషితో డొమినోలు ఆడటం, ఓడినప్పుడు అరవడం, గెలిచినప్పుడు ఇంకా గట్టిగా అరవడం చూసింది.

ఇంటికొచ్చాక రెండురోజులు అంతా మామూలే. సోమవారం పొద్దున బూటు లేసులు కడుతుంటే నార్మన్ అడిగాడు: "మళ్లీ ఓడకెప్పుడు పోతావు?"

"పోనులేరా, భయపడకు" అంది.

మంగళవారం అడిగాడు. బుధవారం అడిగాడు. గురువారం అడిగినప్పుడు ఆమె తల ఎత్తి అతని మొహం చూసింది. అందులో భయం లేదు. పండగెప్పుడని అడిగే పిల్లాడి మొహం అది. లేసు ముడి ఆమె చేతిలోనే జారిపోయింది.

"నీకక్కడ బాగుందా?"

"చిక్కుళ్లకి నీళ్లెవరు పోస్తున్నారు?" అన్నాడు. "లియొనార్డ్ పోస్తుంటాడు. కుళ్లిపోతాయి."

ఆమె వెంటనే ఏమీ చెయ్యలేదు. వేసవంతా నానుస్తూ వచ్చింది. వాడేమంటున్నాడో వాడికే తెలీదు, ఏదో సరదాపడ్డాడు, చలికాలానికి మర్చిపోతాడు అనుకుంది. ఆగస్టులో పక్కింటావిడ పోయింది, నిద్రలోనే, మ్యూరియెల్ కంటే మూడేళ్లు చిన్నది. అంత్యక్రియల నుంచి వచ్చి నార్మన్‌కి అట్టు పోస్తూ, నేనే అలా పోతే పొద్దున వీడు నన్ను లేపుతూ లేపుతూ ఎంతసేపు నిలబడేవాడు అనుకుంది. పెనం మీద అట్టు మాడిపోయింది. మర్నాడు ఫ్రీడాకి ఫోను చేసింది, రాత్రుల కోసం కాదు, ఎప్పటికీ ఉండే గది కోసం.

అక్టోబరులో గది ఖాళీ అయింది. వెళ్లేరోజు నార్మన్ తన దిండు, రేడియో, బూట్లు తనే మోసుకెళ్లి వ్యానులో పెట్టాడు. గేటు దగ్గర ఆగి, "నువ్వూ రావచ్చు మ్యూ. ఆదివారం అందరికీ వాళ్లవాళ్లు వస్తారు" అన్నాడు. దయగా అన్నాడు, పెద్దవాడిలా.

ఆ చలికాలం ఆమెకి మూడు రాత్రులలాంటిది. మరీ నిడివైన మూడు రాత్రులు. నాలుగున్నరకి వ్యాను చప్పుడు కోసం చెవులు రిక్కించేది. రెండట్లకి పిండి కలిపి, ఒకటి పక్షులకి వేసేది. పక్కగది తలుపు మూస్తే లోపల నార్మన్ ఉన్నాడనిపించేది, తీస్తే ఆ బోడి మంచం కనబడేది. అలవాటు పడ్డానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పే పుస్తకం ఏ ట్రావెల్స్‌లోనూ లేదు. ఆదివారం ఆదివారం కొండెక్కి వెళ్లి, గంటన్నర కూచుని, దిగొచ్చేది.

మరుసటి మే నెలలో ఆమె పద్నాలుగు రాత్రులకి కానరీ దీవులు వెళ్లింది. ఈసారి ఎవరి స్నానాలూ లెక్కెయ్యాల్సిన పని లేకపోయింది. కిటికీ ఉన్న గది తీసుకుంది. మొదటి వారం కష్టంగానే నడిచింది. తొమ్మిదో రోజు పొద్దున ఒక దీవి రేవులో దిగి, ఫోను బూత్ పక్కనుంచి నడిచి వెళ్లిపోయి, చాలా దూరం వెళ్లాక గానీ చూసుకోలేదు. ఓ అంగడిలో నీలం రంగు ఎండ టోపీ కొనుక్కుని, అక్కడే పెట్టుకుని, సముద్రం ఒడ్డున ఒక్కతే కూచుని చేప తింది. ఎవరికీ ముల్లు తియ్యలేదు. తినడం పూర్తయ్యాక కూడా చాలాసేపు అక్కడే ఉంది. అది సుఖమో దుఃఖమో ఆమెకి తేలలేదు. రెండూ కాదనుకుంది.

తిరిగొచ్చిన మర్నాడు ఆదివారం. ఆమె గుమ్మంలోకి రాగానే నార్మన్ పలకల మీంచి తల ఎత్తి, వేళ్లు చూపించాడు.

"రెండు ఆదివారాలు రాలేదు నువ్వు."

"లెక్కపెట్టావా?"

"ఫ్రీడా గోడమీద గీత గీసింది. నేను చూశాను."

"ఓడకెళ్లానురా. చెప్పాగా."

"బాగుందా?"

"బాగుంది."

"సరే" అన్నాడు. లియొనార్డ్ చూడకుండా ఒక పలకని అరచేతికింద దాచుకుంటూ, "వచ్చే ఆదివారం వస్తావా?"

"వస్తాను."

"అయితే కూచో. టీ ఇస్తారు" అని మళ్లీ ఆటలో పడ్డాడు.

ఎవరో టీ తెచ్చిచ్చారు. పంచదార ఎక్కువైంది. ఆమె కోటు విప్పి కుర్చీ వెనక వేసుకుని, పూర్తిగా తాగింది.